బాప్తిస్మపు తొట్టిలో అత్తయ్య మొక్కలు

మొన్న యాప్రాల్ దాటాక కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి విందుకు వెళ్లాను. వధూవరులను దీవించడం మాట అటుంచి, వేదిక వెనక గోడ చూసి నోరెళ్లబెట్టి నిలబడిపోయాను. నేల నుంచి పైకప్పు దాకా అంతా ఆర్కిడ్ పూలే, ఊదావీ తెల్లవీ, అవి చాలవన్నట్టు నీలం రంగులో ముంచి తీసినవి కొన్ని, థర్మోకోల్ అట్టలకు పిన్నులతో గుచ్చి పెట్టారు. ఫోటోలకోసం వరసలో వచ్చేవాళ్లు వెనకనుంచి నెడుతున్నా నా కాళ్లు కదలలేదు. ఇంకా భోజనాలు సగంలో ఉండగానే అలంకరణ పనివాళ్లు వచ్చి ఆ పూలను పిడికిళ్లతో లాగి నల్ల సంచుల్లో కుక్కుతుంటే నా గుండె గుభేలుమంది. పెళ్లికూతురి అమ్మమ్మ, నాకు చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి, నా పక్కనే నిలబడి అదే చూస్తోంది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒక్కరే, మా పెద్దత్తయ్య.

ముందుగా ఒకమాట. చిన్నదానికీ పెద్దదానికీ అదిరిపడడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. దీనికి పాలు పొంగినా పిడుగు పడ్డట్టేనని మా అమ్మ అనేది. కాని ఇప్పుడు చెప్పబోయే సంగతిలో అదిరిపడింది నేనొక్కదాన్నే కాదు, మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లన్నీ నాతోపాటే ముక్కున వేలేసుకున్నాయి. నా తోటివయసు వాళ్లకు ఆ క్వార్టర్లు చెప్పనక్కర్లేదు. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న వాకిలి, వాకిలి చివర రేకుల కప్పు వేసిన స్నానాల గది. నాన్నగారు రైలు పెట్టెల్లో దీపాలూ ఫ్యాన్లూ చూసే విభాగంలో పనిచేసేవారు. దీపమంటే ఆయనకు ప్రాణం. ఏ ఇంట్లో ట్యూబులైటు మినుకుమంటున్నా చేతిలో పటకారుతో అక్కడ ప్రత్యక్షమయ్యేవారు.

పెద్దత్తయ్య నాన్నగారి అక్క. వాళ్లది గుంటూరు దగ్గర పల్లె. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. తర్వాత నర్సు చదువు చదివి, పెళ్లి ఊసెత్తకుండా, షిల్లాంగు కొండల్లో ఒక మిషను ఆసుపత్రిలో కాన్పులు చేస్తూ జీవితమంతా గడిపేసింది. ఉద్యోగ విరమణ అయ్యాక నాన్నగారు పట్టుబట్టి తమ దగ్గరికి రమ్మన్నారు. చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, సికింద్రాబాదు స్టేషన్లో ఆవిడ ఒక ట్రంకు పెట్టెతోనూ, తేయాకు వచ్చే చెక్కపెట్టెలు కొన్నింటితోనూ దిగింది. మేమంతా ఆ పెట్టెల నిండా శాలువాలూ తేయాకూ ఉంటాయని ఆశపడి చుట్టూ చేరాం. మూత తీస్తే లోపల చెక్కముక్కలకూ కొబ్బరిపీచుకూ తాళ్లతో కట్టిన వేళ్లు, ఆ వేళ్లకు వడిలిన నాలుగేసి ఆకులు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ, మా అమ్మకు ప్రాణస్నేహితురాలు, వరంగల్ వైపు మనిషి, గడప దగ్గరే ఆగిపోయి, "ఏందక్కా గివి? మన్ను సుత లేదు, చెట్టెట్ల బతుకుతది?" అంది.

అవి చెట్ల కొమ్మలమీద గాలిలో వేళ్లు చాచి బతికే మొక్కలనీ, మట్టిలో పెడితే చస్తాయనీ అత్తయ్య చెప్పింది. ఆ తర్వాత చెప్పిన మాటకు మాత్రం మా అమ్మ కూడా కూర్చుండిపోయింది. ఆ కొండల్లో ఆమె కాన్పు చేసిన తల్లుల ఇళ్లవాళ్లు, పిల్ల క్షేమంగా చేతికొస్తే, అడవిలోంచి ఒక ఆర్కిడ్ తెచ్చి ఆమె వాకిట్లో కట్టి వెళ్లేవారట. కష్టమైన కాన్పులు కొన్ని జ్ఞాపకం ఉంచుకుని ఆ మొక్కలనే వెంట తెచ్చుకుంది. ఇది అడ్డం తిరిగిన పిల్ల, ఇది పుట్టి ఎంతసేపటికీ ఏడవని పిల్లాడు, ఇవి కవలలు, అని ఒక్కొక్క చెక్కముక్కనూ చేతిలోకి తీసుకుని పరిచయం చేసింది. కన్నబిడ్డలు లేని మనిషి వాటినే కన్నబిడ్డల్లా చూసుకునేది.

సికింద్రాబాదు ఎండకు ఆ సంగతులేమీ తెలియవు కదా. ఉగాది వెళ్లిందో లేదో వరండాలో కట్టినవి మాడడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం నేను బడినుంచి వచ్చేసరికి అత్తయ్య గడపమీద కూర్చుని ఉంది. ఒళ్లో ఎండి నల్లబడిన మొక్క. ఆ అడ్డం తిరిగిన పిల్ల. ఆవిడ కంట నీరు చూడడం అదే మొదలు. ఆ సాయంత్రం నాన్నగారు రాగానే, గొంతు పెంచకుండానే చెప్పేసింది: "ఒరే తమ్ముడూ, ఇక్కడ కూర్చుని వీటిని ఒక్కొక్కటీ చంపుకోలేనురా. వానలు పడేలోపు ఇవి కుదుటపడితే సరేసరి, లేదా నేను కొండకే పోతాను." అక్కడ ఆవిడకు ఇల్లు లేదు, వాకిలి లేదు, ఉన్న క్వార్టరు కొత్త నర్సుకు ఇచ్చేశారు. అన్న మాట తప్పే మనిషా అంటే అదీ కాదు. నాన్నగారి మొహం పాలిపోయింది. తనను పెంచిన అక్క ముసలితనంలో ఎక్కడో కొండమీద ఒంటరిగా ఉండడమన్న ఆలోచనే ఆయన తట్టుకోలేకపోయారు.

మర్నాటినుంచి మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. మొదట స్నానాల గది పోయింది. లోపల గోడలకు సున్నం కొట్టి, నూనెడబ్బాల రేకు విప్పి దీపానికి పైకప్పులా వంచి, చప్టామీద ఇటుకలు పేర్చి, వాటిమీద మొక్కలను ఎక్కించారు. చీకటి గది కనుక వెలుతురు కావాలి. ట్యూబులైటు ఒక్కటే పెడితే ఆకులు పెరుగుతాయిగాని పువ్వుకు ఎరుపు వెలుగు కూడా కావాలని ఎవరో చెప్పారట, పక్కనే మామూలు పసుపు బల్బు ఒకటి వేలాడదీశారు. రెండింటినీ గొలుసుకు కట్టి, బావి గిలకలాగా కిందికీ పైకీ జరిపే ఏర్పాటు. గోడలకు తడి గోనెలు. గాలి ఆడకపోతే కుళ్లుతాయని కిటికీలో మా టేబుల్ ఫ్యాను. మేము ఆ మొక్కల మధ్య, ఆ వెలుతుర్లో, సబ్బునీళ్లు వాటిమీద చిందకుండా ఒద్దికగా స్నానం చేయాలి. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. అన్ని ఆకులూ నన్నే చూస్తున్నట్టుండేది. మా అమ్మ మాత్రం ఆడపడుచును ఒక్కమాట అనలేదు. అనాలనిపించినప్పుడల్లా గిన్నెలు గట్టిగా తోమేది.

అయినా రేకుల కప్పు రేకుల కప్పే. మిట్టమధ్యాహ్నం ఆ గది కాలిన పెనమయ్యేది, కరెంటు పోతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇంకో రెండు మొక్కలు పోయాయి. అత్తయ్య ట్రంకు పెట్టె దుమ్ము దులిపి మంచంకింద నుంచి ముందుకు లాక్కుంది. అప్పుడు నాన్నగారు అన్న మాటకు మేమంతా కొయ్యబారిపోయాం. మొక్కలను చర్చిలో బాప్తిస్మపు తొట్టిలో పెడదామన్నారాయన.

తెలియనివాళ్లకోసం చెప్తాను. మా సంఘంలో పసిపిల్లల నుదుట నీళ్లు చల్లే ఆచారం లేదు. పెద్దయ్యాక, తమంతట తాము కోరుకున్నవాళ్లు, నిలువెల్లా నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. అందుకని వేదిక కింద, పాస్టరుగారు నిలబడే చోటుకు సరిగ్గా అడుగున, మెట్లు దిగే లోతైన తొట్టి ఒకటి ఉండేది. అవసరమైనప్పుడు పైన పలకలు ఎత్తి నీళ్లు నింపేవారు. ఈస్టరుకు బాప్తిస్మాలు అయిపోతే మళ్లీ చలికాలం దాకా దాని ఊసు ఎవరికీ పట్టదు. భూమి లోపల ఉంటుంది కనుక, బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా, అక్కడ మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉండేది. నాన్నగారికి సంఘంలో పెద్దరికం ఉంది, అయ్యగారికి నాన్నగారంటే మొహమాటమూ ఉంది. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే అనేవాళ్లం. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, ఆరాధన వేళ దీపం ఆర్పెయ్యాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు మేము చెక్కముక్కలు చంకన పెట్టుకుని చర్చికి వెళ్లాం.

తొట్టి అడుగున చెంబెడు నీళ్లు, ఇటుకలమీద మొక్కలు, పలకల అడుగున గొలుసుకు ట్యూబులైటూ పసుపు బల్బూ, మెట్లమీద ఫ్యాను. మీరు నమ్మండి నమ్మకపొండి, పదిహేను రోజులు తిరక్కుండానే వేళ్ల కొసలు పచ్చబడ్డాయి. అత్తయ్య రోజూ ఆ మెట్లు దిగి, వేదిక కింద కూర్చుని, వాటితో ఆ కొండలవాళ్ల ఖాసీ భాషలో ఏవో మాట్లాడి వచ్చేది. ట్రంకు మళ్లీ మంచంకిందికి జరిగింది. నాన్నగారు ఈల వేయడం నేను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే.

ఒక ఆదివారం మాత్రం ప్రాణం పోయినంత పనైంది. దీపం ఆర్పడం నాన్నగారు మరిచారో, ఆదివారమైతే మాత్రం వాటికి ఆకలెయ్యదా అని అత్తయ్యే వెలిగించిందో, ఇప్పటికీ తెలియదు. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా కరెంటు పోయింది, చర్చి చీకటయింది, కాసేపటికి వచ్చింది. వస్తూనే, పైన దీపాలు ఇంకా అందుకోకముందే, ఆయన కాళ్లకింద పలకల సందుల్లోంచి తెల్లటి వెలుగు గీతలు గీతలుగా పైకి తన్నింది. ముందు బెంచీలో కూర్చునే మామ్మగారు ఒక్కసారిగా లేచి రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం!" అని కేకపెట్టింది. అయ్యగారు కళ్లు తెరిచి, తన పాదాలు చూసుకుని, అటు నాన్నగారిని చూశారు. నాన్నగారు పాటల పుస్తకంలో తల దూర్చేశారు. మామ్మగారికి తర్వాత ఎంత వివరించినా, మొక్కలకైతే మాత్రం వెలుగిచ్చేది ఎవరు అనేసి వాదన ముగించింది.

ఎండలు ముదిరిపోయిన రోజుల్లో మల్కాజ్‌గిరి నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. మా సంఘంలోదే, కొత్తగా ఆ పేటకు కాపురం మారింది, నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవకుండా పోయిందట, భయంతో నిద్ర పట్టడం లేదని, షిల్లాంగు నర్సమ్మ ఉందని విని వెతుక్కుంటూ వచ్చింది. అత్తయ్య ఆమెను మంచంమీద పడుకోబెట్టి, పొట్టమీద చెయ్యి పెట్టి చూస్తూ, ఏవేవో అడుగుతోంది. ఆ పిల్ల అమాయకంగా చెప్పుకుపోయింది, కాన్పుకు ముందే బాప్తిస్మం తీసుకోవాలని మనసు కొట్టుకుంటోందనీ, ఈ గండం గట్టెక్కుతుందో లేదో, ముందే ప్రభువుకు అప్పజెప్పుకుంటే ధైర్యంగా ఉంటుందనీ, రెండుసార్లు వెళ్లి అయ్యగారిని అడిగినా వానలు పడనివ్వమ్మా అంటున్నారనీ. "తొట్టిలో ఎవరివో చెట్లున్నాయంటండీ, పెద్దవాళ్లవంట, తియ్యడానికి వీల్లేదంట" అంది.

అత్తయ్య చెయ్యి ఆ పొట్టమీదే ఆగిపోయింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ మొహంలో అప్పుడు కనిపించినంత దిగ్భ్రాంతి ఇన్నేళ్లలో మళ్లీ ఏ మనిషి మొహంలోనూ చూడలేదు. కోపం కాదు, ఏడుపు కాదు. ఎవరో చెంప ఛెళ్లుమనిపించినట్టు అలా ఉండిపోయింది. ఆ మొక్కలు తనవేనని చెప్పలేదు. ఆ పిల్లకు మజ్జిగిచ్చి, ఏం తినాలో ఏం తినకూడదో చెప్పి, రిక్షా ఎక్కించి పంపేసింది. తర్వాత లోపలికొచ్చి మా అమ్మతో, "విన్నావా అమ్మాయ్, నా చెట్లకోసం మనిషిని నిలబెట్టారు" అని మాత్రం అని, గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ శనివారం చర్చి ఊడ్చే వంతు మాది. నేనూ అమ్మా తలుపు తోసుకుని వెళ్లేసరికి, బెంచీల నిండా మొక్కలు. ఆదివారం జనం కూర్చున్నట్టు వరసలుగా కూర్చోబెట్టి ఉన్నాయి. వేదికమీద పలకలు ఎత్తేసి ఉన్నాయి. ట్యూబులైటు విప్పి గోడకు ఆనించి ఉంది. తొట్టి లోపల అత్తయ్య, చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని, కొబ్బరిపీచుతో గోడలు రుద్దుతోంది. పక్కన కుళాయి ధారగా పారుతోంది. నేను కెవ్వుమన్నాను. మా అమ్మ మొక్కల్ని చూసి కాదు, ఆవిడను చూసి ఏడ్చేసింది. ఇవి పోతే ఆవిడా కొండకు పోతుందని మాకు తెలుసు. "వదినగారూ, ఒక్క నెల ఆగితే వానలొస్తాయి కదా" అంది అమ్మ. అత్తయ్య రుద్దడం ఆపకుండానే, "నెలలు నిండిన పిల్లను ఎవరమ్మా ఆగమనేది? నేనెప్పుడైనా ఆగమన్నానా? ఆ పొడిగుడ్డ ఇటు పడెయ్" అంది. బయట వడగాడ్పు కొడుతోంది. ఆ గాడ్పులోకి ఆ మొక్కలను తీస్తే ఏమవుతుందో ఆవిడకంటే ఎవరికి బాగా తెలుసు?

మర్నాడు సంఘమంతా వచ్చి, కూర్చోడానికి చోటులేక, మొక్కల పక్కన సర్దుకుని కూర్చుంది. ఆ మల్కాజ్‌గిరి పిల్ల తెల్లచీరలో, నిండు పొట్టతో, ఒకపక్క భర్త, మరోపక్క అత్తయ్య పట్టుకుంటే మెట్లు దిగి, మునిగి లేచింది. అయ్యగారు తడిబట్టలతోనే వేదికమీద నిలబడి, తన మొహమాటంవల్ల ఆ బిడ్డను ఆపానని, తప్పు తనదేనని అందరిముందూ చెప్పారు. నాన్నగారి తల కిందికి వాలిపోయింది. అప్పుడు ముందు బెంచీ మామ్మగారు తన పక్కనున్న మొక్కను తీసి పసిపిల్లనెత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, "ఇది మా ఇంటికి" అంది. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక మరొకరు. ఏం జరుగుతోందో నాన్నగారికి అర్థమయ్యేసరికి బెంచీలు ఖాళీ అయిపోయాయి. ఒక మొక్కను మాత్రం అత్తయ్య తనే తీసి ఆ తడిచీర పిల్ల చేతిలో పెట్టింది. కొండల్లో కాన్పయ్యాక ఇచ్చేవారు, నేను ముందే ఇచ్చేస్తున్నాను, ఇక పిల్ల క్షేమంగా రాక తప్పదు అంది. మేము ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ నడుంమీద చేతులు వేసుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. "అందరికిచ్చి మాకెందుకియ్యలే? మేం పరాయోళ్లమా?" అని జెర గట్టిగానే అడిగి, ఇంకెవరింటికో ఇవ్వడానికి మేము తెచ్చినదాన్ని లాక్కుని తన దేవునర్రలో, అంటే పూజగదిలో, పెట్టుకుంది.

ఆ వారమంతా నాన్నగారు డ్యూటీ దిగగానే వైరూ హోల్డరూ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మెట్టుగూడలో స్నానాల గదులూ, నీళ్ల గదులూ, మెట్లకింది అరలూ, చేపలు చచ్చిపోయిన ఒక గాజు తొట్టీ, అన్నింటికీ దీపాలొచ్చాయి. పట్టపగలు స్నానాల గదుల కిటికీల్లో లైట్లు వెలుగుతుంటే వీధిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. అన్నీ బతికాయని చెప్పను. ఒకాయన నీళ్లు కాగే బాయిలరు పక్కన పెట్టి ఉడకబెట్టేశాడు. ఒక ఇంట్లో బలమని కుడితి పోశారు. కాని పోయినవాటికంటే నిలిచినవే ఎక్కువ. అందరిళ్లూ ఒక్కసారే వేడెక్కవు కదా.

ఇక అత్తయ్యను చూడాలి. తెల్లచీర కట్టి, గొడుగు పట్టి, ఆసుపత్రిలో వార్డులు తిరిగినట్టు రోజూ ఇళ్లు తిరిగేది. తలుపు తట్టడం, వంటింట్లోంచి తిన్నగా స్నానాల గదిలోకి పోవడం. ఒకసారి లోపల ఆ ఇంటి యజమాని ఒంటిమీద సబ్బుతో ఉన్నాడు. ఆయన గావుకేక వీధి చివరికి వినిపించింది. నేను పుట్టించిన మగపిల్లల్లో నువ్వేం వింతవాడివి కాదులే నాయనా అని, మొక్కను చూసుకుని మరీ బయటికొచ్చిందట. మొక్కతోపాటు ఆ ఇంట్లో జ్వరాలూ, పథ్యాలూ, కడుపుతో ఉన్న కోడళ్లూ, అన్నీ ఆవిడ చూపుకిందికి వచ్చేశాయి. మల్కాజ్‌గిరికి లోకల్ రైల్లో పోయి ఆ పిల్లను చూసి వచ్చేది. వానలు పడ్డాయి. ఆడపిల్ల పుట్టింది, క్షేమంగా. వానలు వెనకపట్టాయి కూడా. కొండకు పోతానన్న మాట ఆవిడకు గుర్తురాలేదు, గుర్తుచేసే ధైర్యం మాకెవరికీ లేదు. ట్రంకులో మా అమ్మ శీతాకాలపు దుప్పట్లు సర్దేసింది.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం పక్కింటావిడ గోడమీదినుంచి, "అత్తా, నీ చెట్టు పూసింది, ఉరికి రా!" అని అరిచింది. అందరికంటే ముందు పూసింది దేవునర్రలోని మొక్కే. దేవుడి పటాల ముందు రాత్రింబగళ్లు వెలిగే చిన్న ఎర్రబల్బు వెలుగులో, సన్నని రెమ్మ, దానికి సీతాకోకచిలుకల్లా వాలిన తెల్లని పూలు. ఎన్నడూ చర్చి తప్పని మా అత్తయ్య ఆ దేవునర్రలో నేలమీద చతికిలబడి, పుట్టి ఎంతసేపటికీ ఏడవని పిల్లాడు వీడే, ఇన్నాళ్లకు నోరు తెరిచాడు అని, కళ్లు తుడుచుకోడం కూడా మరిచిపోయి చూస్తూ కూర్చుంది.

అత్తయ్య ఆ వీధిలోనే కన్నుమూసింది. మొక్కలు బదిలీలమీద పోయేవాళ్ల సామాన్లతో కాజీపేటకీ, బెజవాడకీ, గుంతకల్లుకీ పోయాయి. అప్పుడంతా ఒకే రాష్ట్రం, ఎక్కడికి పోయినా పక్కింటికి పోయినట్టే ఉండేది. ఆ చర్చి పడగొట్టి పెద్దది కట్టారు. మొన్న విందులో నా పక్కన నిలబడిన అమ్మమ్మే ఆ మల్కాజ్‌గిరి పిల్ల, ఆ వానాకాలంలో పుట్టిన ఆడపిల్లే పెళ్లికూతురి తల్లి. నల్ల సంచీలోంచి ఒక కొమ్మ లాగి, కళ్లజోడు సర్దుకుని మొదలు చూసి, "వేరు లేదమ్మా దీనికి" అంది ఆమె. ఉంటే ఇంటికి తీసుకుపోయేదే. అత్తయ్య ఇచ్చిన మొక్క ఎన్నో ఏళ్లు బతికిందనీ, అపార్టుమెంటుకు మారాక ఇంటికి తాళం వేసి ఊరెళ్తే నీళ్లు పోసే దిక్కులేక పోయిందనీ చెప్పింది. తాళంచెవి పక్కవాళ్లకు ఇచ్చి వెళ్లాలంటే వాళ్లెవరో తెలియదట.

పువ్వు చవకైపోయినందుకు నాకు బాధ లేదు. అందరికీ దొరకడం మంచిదేగా. నేను తేరుకోలేకపోతున్నది ఆ తాళంచెవి మాటకు. నేనిప్పుడు ఉంటున్నదీ అలాంటి అపార్టుమెంటులోనే. ఎదురింటివాళ్ల స్నానాల గది కిటికీలో అప్పుడప్పుడు పట్టపగలు లైటు వెలుగుతుంటుంది. ఆర్పడం మరిచిపోయారని చెబుదామని లేచి, లోపల ఏదైనా మొక్క ఉందేమోననిపించి, తలుపుదాకా వెళ్లి, పేరు కూడా తెలియని ఇంటి తలుపు తట్టలేక, తిరిగొచ్చి కూర్చుంటాను.